పరదా కింద పాదాలు

మొగుడి కడుపులో సంగతి పరాయి ఆడదానికి ముందు, కట్టుకున్నదానికి తరవాత తెలిస్తే ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండుతుంది. కాజాలావిడకి వారానికి రెండుసార్లు మండేది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, పొద్దున సరిగ్గా పది గంటలకి.

కాజాలావిడ అన్నది ఆవిడ పేరు కాదు, పని. వాళ్ళ ముందు గది దర్జీ షాపు, వెనక రెండు గదులు కాపురం. మొగుడు కత్తిరిస్తాడు, మిషను తొక్కుతాడు. వీధి వీధంతా అతన్ని మాస్టరంటుంది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వేయడం ఆవిడ వంతు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను కటింగు బల్ల దగ్గర, ఆవిడ కిటికీ పక్క స్టూలు మీద. లేచింది మొదలు ఇంతసేపు ఒకళ్ళ కళ్ళెదుట ఒకళ్ళు ఉండే ఆలుమగలు ఇంకెక్కడా ఉండరని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వానికి దెబ్బ తగిలి నాలుగు నెలలైంది. దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం పడుతుంటే ఆ మహానుభావుడు ఆర్నెల్లు ఎవరితోనూ అనలేదు. మొలలై ఉంటాయి, వాటంతటవే తగ్గుతాయిలే అనుకున్నాడట. పెద్దపేగులో గడ్డ ఉందన్న మాట ఆవిడ మొదట విన్నది డాక్టరు నోట. విన్న క్షణంలో భయం వేసింది నిజమే, కానీ భయం వెనకే ఇంకొకటి వచ్చి కూర్చుంది. నాకెందుకు చెప్పలేదు అన్నది. భయం ఆపరేషనుతో సగం తగ్గింది. రెండోది తగ్గలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. కంటికి కనపడకుండా ఇంకేమైనా మిగిలి ఉంటే అది కూడా పోవాలని ఎనిమిది విడతల కీమో రాశారు. సూది లేదు, సెలైను లేదు, ఇంట్లో కూర్చుని మింగే మాత్రలే. పొద్దున మూడు, సాయంత్రం మూడు, రెండు వారాలు మింగాలి, ఒక వారం ఆపాలి. వినడానికి జ్వరం మాత్రంత తేలిగ్గా ఉంది. మందులిచ్చే గదిలోకి రోగి ఒక్కడే రావాలన్నారు కనక ఆ రోజు కాజాలావిడ బయట బెంచీ మీద సంచీకి కాపలా కాసింది. అరగంట తరవాత మాస్టరు కవరు పట్టుకుని బయటికొచ్చాడు. ఏం చెప్పారని అడిగితే, "ఏవో జాగ్రత్తలు" అన్నాడు. అరగంట చెప్పినది ఆయన నోట్లో రెండు ముక్కలైంది.

ఇంటికొచ్చాక ఆవిడ ఒక చిన్న గిన్నె తెచ్చి, అందులోకి మాత్రలు తీద్దామని అట్ట పట్టుకుంది. బల్ల అవతలి నుంచి అతను, "ముట్టుకోకు" అని గట్టిగా కేకేశాడు. కొలతలు తప్పినప్పుడు కూడా గొంతు పెంచని మనిషి. ఒంట్లో జబ్బు లేనివాళ్ళ చర్మానికి ఆ మందు తగలకూడదని నర్సు చెప్పిందట. మాత్రలు పాత బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి, డబ్బా సుద్దముక్కల సొరుగులోకి వెళ్ళింది, సొరుగు తాళం అతని జేబులోకి వెళ్ళింది. తన బట్టలు తనే విడిగా ఉతుక్కోవడం, దొడ్డికి వెళ్ళాక మూత వేసి రెండుసార్లు నీళ్ళు వదలడం, తను వాడిన గది తనే కడుక్కోవడం మొదలైంది. ఆవిడకి మిగిలింది అన్నం పెట్టడం ఒక్కటే. అదైనా తిన్న అరగంటలోపు మాత్ర మింగాలి కనక.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఫోను ఒక ఎత్తు. ఆసుపత్రి నుంచి ఒక నర్సు వారానికి రెండుసార్లు ఫోను చేసి బాగోగులు కనుక్కునేది. గడియారం పది కొట్టేసరికి ఫోను మోగేది. మాస్టరు కత్తెర పక్కన పెట్టి, చెంప మీద సుద్ద తుడుచుకుని, బట్టలు వేసి చూసుకునే చోటుకి వెళ్ళి పరదా లాక్కునేవాడు. గది మూల ఒక అద్దం, దాని ముందు చీలమండల దాకా వేలాడే పచ్చ పరదా, అంతే ఆ చోటు. పరదా మనిషిని దాస్తుంది కానీ మాటని దాస్తుందా? కాజాలావిడ సూది ఆడిస్తూనే చెవులు అటు వేసేది.

అలా విన్నవే ఆవిడ కాపురం సంగతులన్నీ. నోట్లో పూత వచ్చిందని పరదా వెనకనుంచి విన్నది. నిన్న అయిదుసార్లు విరేచనమైందని, ఇవాళ మూడేనని, ఏదో పద్దు అప్పగించినట్టు అతను చెబుతుంటే విన్నది. తిన్నదేదైనా ఇనుము నాకినట్టు ఉంటోందని ఒక మంగళవారం విన్నది. రెండు వారాలుగా ఆవిడ కూరలో ఉప్పు తగ్గించి, పెంచి, పులుపు మార్చి, తన చెయ్యే పాడైపోయిందని కుమిలిపోతోంది. అతను ఒక్క మాట అనకుండా కంచం ఖాళీ చేసి లేచేవాడు. ఆ మాట ఆ పిల్లకి మాత్రం చెప్పాడు.

పిల్ల అని ఆవిడే అనుకుంది. పది గంటల పిల్ల అని పేరు కూడా పెట్టింది. ఫోనులోంచి మెత్తటి గొంతు సన్నగా వినపడేది. ఆ గొంతుకి తగ్గట్టు ఆవిడ ఒక మనిషిని కుట్టుకుంది: పాతికేళ్ళు, సన్నటి నడుము, తెల్ల కోటు, నవ్వితే సొట్ట. అన్నిటికన్నా మండిందేమిటంటే ఆ పిల్ల అతన్ని బాబాయ్ అంటుంది. బాబాయికి పెళ్ళాం ఉంటే అది పిన్ని అవుతుంది కదా, పిన్ని ఎలా ఉందని ఒక్కసారైనా అడగొచ్చు కదా.

ఈ గోడంతా అక్కతో వెళ్ళబోసుకుంది. పక్క వీధిలో ఉండే అక్క వింటూ వింటూ పకపకా నవ్వింది. "సవతంటే కంటికి కనపడాలే. నువ్వు గొంతుకే కుళ్ళుకుంటున్నావు, రేపు మనిషి కనపడితే ఏమైపోతావు?" అంది. కుళ్ళు కాదని కాజాలావిడ అంది. కుళ్ళేనని ఇద్దరికీ తెలుసు.

మూడో విడత రెండో వారంలో ఆవిడ కంట ఒకటి పడింది. పెద్ద కత్తెర పిడికి మఖమలు పేలిక చుట్టి ఉంది. ఆ కత్తెర మాస్టరు కుర్రతనం నుంచి వాడుతున్నది, దాని రింగు అతని బొటనవేలికి ఒరుసుకుని మెరుపెక్కింది. దానికి పేలిక ఎందుకని ఆవిడ అడగలేదు, చూడడం మొదలుపెట్టింది. నీళ్ళ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోకుండా తల మీదుగా తొడుక్కుంటున్నాడు. బట్ట మీద సుద్దగీత చివరికొచ్చేసరికి వణుకుతోంది. ఒకప్పుడు కొలబద్ద లేకుండా గీసినా దారం పట్టినట్టుండే గీత.

ఆ మంగళవారం పది గంటలకి ఫోను మోగింది. పరదా మూసుకుంది. నోటిపూత తగ్గిందన్నాడు, జ్వరం లేదన్నాడు. తరవాత ఆ పిల్ల ఇంకేదో అడిగింది.

"చేతులా? బాగానే ఉన్నాయమ్మా. కాళ్ళా? ఆఁ, అవీ బాగానే ఉన్నాయి" అన్నాడు.

కాజాలావిడ సూది ఆపి తలెత్తింది. పరదా కింద అతని పాదాలు కనపడుతున్నాయి. చెప్పులు విడిచేశాడు. అరికాళ్ళు నేలకి ఆనకుండా, పాదాల బయటి అంచుల మీద నిలబడ్డాడు. మడమల పక్కన చర్మం ఎర్రగా కమిలి పొరలు లేస్తోంది. కాసేపు ఆ కాలు, కాసేపు ఈ కాలు ఎత్తి చల్లటి గచ్చుకి మెల్లిగా తాకిస్తున్నాడు. పైన గొంతు మాత్రం, బాగానే ఉంది తల్లీ, బాగానే ఉంది, అంటోంది.

చూడగానే ఆవిడ గుండె కలుక్కుమంది. ఆ తరవాత వచ్చింది మాత్రం, చెప్పుకుంటే సిగ్గు, సంతోషం. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి తెలిసి తనకి తెలియనివే. ఇప్పుడు తనకి తెలిసి ఆ పిల్లకి తెలియనిది ఒకటి దొరికింది. అతను అందరికీ అన్నీ చెప్పేసుకోడన్నమాట, కొన్ని ఇంటికోసం అట్టేపెట్టుకుంటాడన్నమాట. అబద్ధం ఎందుకాడాడని ఆవిడ ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. దారం తెంపి, సూది గుచ్చి, లోపలికి వెళ్ళి అక్కకి ఫోను చేసింది.

కాళ్ళు కమిలితే ఏం చెయ్యాలని అడిగితే అక్క తడుముకోలేదు. ఉప్పేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టించు, కాస్త మరిగినట్టే ఉండాలి, మూడు పూటల్లో ఎగిరిపోతుంది అంది. వాళ్ళ అమ్మ అదే చేసేది, అమ్మమ్మా అదే చేసేది. ఈ ఇంట్లో రోజంతా నిలబడి కత్తిరించిన కాళ్ళకి కాజాలావిడ కూడా వెయ్యిసార్లు అదే చేసి ఉంటుంది.

సాయంత్రం షాపు తలుపు దగ్గరగా వేసి, ఆవిడ పొగలు కక్కే నీళ్ళ బకెట్టు తెచ్చి అతని కుర్చీ ముందు పెట్టింది. కాళ్ళు ఇలా పెట్టండి, నాకు తెలుసులెండి అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వాగలేదు. మాస్టరు బకెట్టు వంక చూశాడు, ఆవిడ మొహం వంక చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఒక్కో పాదమే నీళ్ళలోకి దించాడు.

"ఎలా ఉంది?" అని ఆవిడ అడిగింది.

"హాయిగా ఉంది" అన్నాడు.

నీళ్ళలో అతని కాలివేళ్ళు గట్టిగా లోపలికి ముడుచుకున్నాయి. సుఖానికి అలా ముడుచుకున్నాయని ఆవిడ అనుకుంది. నేల మీద కూర్చుని నీళ్ళు చేత్తో తీసి పిక్కల మీద పోస్తూ, చేతులు కూడా ముంచమంది. ముంచాడు. ఈ పని ఫోనులో చెయ్యమనండి ఆ పిల్లని అని మనసులో అనుకుంది. ఆ పూట ఆవిడ అన్నం తృప్తిగా తింది. బుధవారం నీళ్ళు ఇంకొంచెం వేడిగా పెట్టింది. గురువారం కూడా పెట్టింది. మూడు సాయంత్రాలూ అతను హాయిగా ఉందనే అన్నాడు.

శుక్రవారం పొద్దున టిఫిను పక్కమీదికే తెమ్మన్నాడు. రాత్రే తెచ్చి పక్కన పెట్టుకున్న మాత్రలు వేసుకున్నాక లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. కాళ్ళకి ఏమైందని ఆవిడ దుప్పటి లాగితే అతను ఆపబోయాడు, ఆపే చెయ్యి కూడా వాచి ఉంది. రెండు అరికాళ్ళ నిండా నీటిబొబ్బలు లేచాయి. ఒకటి చితికి దుప్పటికి అంటుకుంది. అప్పుడే ముందు గదిలో ఫోను మోగింది.

"దాన్ని ఇలా తీసుకురా, నేను మాట్లాడతాను" అని అతను కేకేశాడు.

ఆవిడ వెళ్ళి కటింగు బల్ల మీద ఫోను అందుకుంది. తీసుకెళ్ళి ఇస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. బొబ్బల కాళ్ళు చాపుకుని, బాగానే ఉన్నాయమ్మా అంటాడు. ఇవ్వకపోతే తన దగ్గరున్న ఆ ఒక్కటీ పోతుంది. అది ఆ పిల్ల చేతిలో పెట్టాల్సి వస్తుంది, పెట్టి, నాకు చేతకాలేదమ్మా నువ్వే చెప్పు అని అడగాల్సి వస్తుంది. ఫోను మోగుతూనే ఉంది. ఆవిడ తిన్నగా మూలకి నడిచి, లోపలికి దూరి, పచ్చ పరదా లాక్కుంది.

"బాబాయ్ గారూ, ఎలా ఉన్నారు?" అంది మెత్తటి గొంతు.

"నేను ఆయన భార్యని."

"పిన్నిగారా. హమ్మయ్య, ఇన్నాళ్ళకి దొరికారు. చెప్పండి."

ఎదురుగా అద్దంలో తన మొహం తనకి కనపడుతోంది. ఒక్క పెట్టున అంతా చెప్పేసింది. కత్తెరకి చుట్టిన పేలిక చెప్పింది, గ్లాసు చెప్పింది, పరదా కింద చూసిన పాదాలు చెప్పింది, ఇవాళ్టి బొబ్బలు చెప్పింది. అవతలి నుంచి ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు వచ్చాయి. జ్వరం ఉందా, చలి వణుకు ఉందా, విరేచనాలు ఎన్ని, నీళ్ళు తాగుతున్నారా. అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుంది. తనకి ఇంత తెలుసని తనకే తెలియదు.

"కాళ్ళకీ చేతులకీ వేడేమైనా తగిలిందా పిన్నీ? ఇస్త్రీ పెట్టె, వేడినీళ్ళు లాంటివి?"

"మూడు రోజులుగా నేనే పెడుతున్నాను. వేడినీళ్ళు, ఉప్పేసి."

ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఈ మాత్రలు ఒంట్లోకి వెళ్ళాక కొందరికి అరచేతులూ అరికాళ్ళూ లోపలినుంచే కములుతాయని, వాటికి వేడి తగిలినా, ఒరిపిడి తగిలినా, గట్టిగా నొక్కి పట్టుకునే పని చేసినా ఇలా బొబ్బలెక్కుతాయని నెమ్మదిగా చెప్పింది. ఇక మాత్ర వెయ్యొద్దంది, మేము చెప్పేదాకా ఒక్కటి కూడా వద్దంది. బొబ్బలు చిదపొద్దు, చల్లటి నీళ్ళతో తడిపి మెత్తటి గుడ్డ కప్పి ఇప్పుడే తీసుకురండి అంది. మొదట్లోనే ఎర్రబడ్డాయని చెప్పి ఉంటే నాలుగు రోజులు ఆపి, మందు కొలత సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళమంది.

"ఆయన చెబితే మందు ఆపేస్తారని భయపడి ఉంటారు పిన్నీ. చాలామంది అలాగే దాస్తారు. కాస్త ఆపినంత మాత్రాన, కొలత తగ్గించినంత మాత్రాన చేసిన వైద్యం పోదు. ఇవన్నీ మొదటి రోజే చెప్పాను, కాగితం కూడా ఇచ్చాను. మీకోసం చేతి తొడుగుల ప్యాకెట్టు ఇచ్చాను, అవి వేసుకుని మీరే మాత్రలు తీసివ్వచ్చు. ఆయన ఇవ్వలేదా?"

కాజాలావిడ లేదని చెప్పి ఫోను పెట్టేసింది. కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులోంచి తాళం తీసి సొరుగు తెరిచింది. బిస్కెట్ల డబ్బా పక్కన, సుద్దముక్కల కింద, చింపని ప్యాకెట్టు ఉంది. చింపి తొడుగులు వేసుకుని డబ్బా మూత తీసింది. మాత్రల అట్టల మీద నాలుగు మడతలు పెట్టిన కాగితం. మాత్ర కొరకొద్దు, నలపొద్దు. ఒక పూట మరిచిపోతే రెండో పూట కలిపి వెయ్యొద్దు. జ్వరం నూట ఒకటికి చేరేదాకా ఆగొద్దు, నూరు దాటి అర డిగ్రీ ఎక్కేలోపే ఫోను చెయ్యాలి. చెప్పులు బిగుతుగా ఉండొద్దు. అక్కడక్కడా వాక్యాల కింద నీలం సుద్దతో గీతలున్నాయి. "చేతులకీ కాళ్ళకీ వేడినీళ్ళు తగలనివ్వొద్దు" అన్నదాని కింద కూడా ఉంది.

ఆవిడ ఆ గీత చూస్తూ ఉండిపోయింది. మొదలు నుంచి చివరిదాకా ఎక్కడా వణకలేదు. వేళ్ళు బాగున్న రోజుల్లో, కాగితం చేతికొచ్చిన మొదటి రోజే గీసిన గీత అది. అంటే బకెట్టు ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషికి తెలుసు. మూడు సాయంత్రాలూ తెలుసు.

కాగితం పట్టుకుని లోపలికి వచ్చింది. తొడుగులున్న చేతులు చూసి అతను తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

"తెలిసే పెట్టారా కాళ్ళు?"

అతను తలూపాడు.

"ఎందుకు?"

అతను ఆవిడ వంక చూడలేదు. "నీకు చెయ్యడానికి ఈ ఇంట్లో ఏదీ మిగల్చలేదు కదా నేను. బకెట్టు తెచ్చినప్పుడు నీ మొహం చూశాను. ఆపరేషను తరవాత నువ్వు అలా నవ్వడం అదే మొదటిసారి. వద్దనబుద్ధి కాలేదు" అన్నాడు.

కాజాలావిడకి ఏడుపూ కోపం కలిసి వచ్చాయి. కోపం సగం అతని మీద, సగం తన మీద. ఎవరో కనపడని పిల్ల మీద కసి తీర్చుకోవడానికి తను నీళ్ళు కాచింది. ఆ నీళ్ళు పడింది ఆ పిల్ల మీద కాదు, ఈ కాళ్ళ మీద. కుళ్ళు కుళ్ళు అని అక్క నవ్వుతుంటే తనూ నవ్వింది కానీ దానికి చర్మం ఊడదీసేంత వేడి ఉంటుందని అనుకోలేదు. ఆ మాట అతనితో అలాగే చెప్పింది. మీరు ఆ పిల్లతో చెప్పుకుంటున్నారని నాకు మంట, ఆ మంటే మీ కాళ్ళకి పెట్టాను అంది.

తరవాత ముక్కు తుడుచుకుని, "మీరు కుట్టిన చొక్కా చంకల్లో కోసుకుంటుంటే మీకొచ్చి చెప్పకుండా, బాగానే ఉంది మాస్టారూ అని తిరిగేవాణ్ణి మీరేమంటారు?" అని అడిగింది.

"వెధవ అంటాను" అన్నాడతను.

"అదే" అని ఆవిడ మెత్తటి గుడ్డ కోసం వెళ్ళింది.

ఆసుపత్రిలో ఈసారి ఆవిడ బెంచీ మీద ఆగలేదు. ఒక్కరే రావాలన్నవాళ్ళతో, కాళ్ళు ఆయనవి, నోరు నాది అని చెప్పి చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయింది. డాక్టరు పాదాలు చూసి, బొబ్బలు మాని చర్మం కుదుటపడేదాకా మాత్రలు ఆపమన్నాడు, తరవాత కొలత తగ్గించి మొదలుపెడదామన్నాడు. పూయడానికి ఒక లేపనం ఇచ్చాడు. నెల రోజులు కత్తెర గానీ ఇస్త్రీ పెట్టె గానీ ముట్టొద్దన్నాడు. ఆ మాట విని మాస్టరు మొహం చిన్నబోయింది, కాజాలావిడ మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అన్నీ మళ్ళీ ఒకసారి అడిగి చెప్పించుకుంది.

పది గంటల పిల్ల అక్కడే ఉంది. యాభైకి దగ్గర వయసు, సగం నెరిసిన జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, మనిషి దిట్టంగా, తన పాదాలే వాచినట్టు అడుగులేస్తోంది. గొంతు మాత్రం అదే. దగ్గరికొచ్చి పిన్నీ అంది. తనకంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుందేమో, ఈవిడ నాకు కూతురి వరసా అని కాజాలావిడకి నవ్వొచ్చింది. అక్కకి చెబితే పడీ పడీ నవ్వుతుంది. నవ్వు సరే, లోపల ఆ ముల్లు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఆ నర్సు మాస్టరు అరచెయ్యి తిప్పి చూస్తూ నొప్పి ఎక్కడెక్కడని అడుగుతుంటే, అతను వేలు వేలుకీ వివరంగా చెబుతుంటే, ఆవిడ కడుపులో ఎక్కడో చిన్నగా మండింది. కానీ ఈసారి మండుతూనే చెవులు రిక్కించి విన్నది. చిటికెన వేలు మొద్దుబారిందన్న సంగతి ఆవిడకీ కొత్తే. మర్చిపోకుండా గుర్తుపెట్టుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక షాపు తలుపు దగ్గరగా వేసింది. ఖాళీ బకెట్టు తెచ్చి కుర్చీ ముందు పెట్టి కుండలోంచి నీళ్ళు పోసింది. ముందు తన మోచెయ్యి ముంచి చూసుకుంది. అతను ఒక పాదం, తరవాత ఇంకో పాదం నెమ్మదిగా దించాడు.

"ఎలా ఉంది?"

"హాయిగా ఉంది" అన్నాడు.

ఆవిడ ఆ మాట వినలేదు. నేల మీదికి వంగి నీళ్ళలోకి చూసింది. వేళ్ళు ముందు ముడుచుకునే ఉన్నాయి. ఆవిడ కదలకుండా చూస్తూ కూర్చుంది. కాసేపటికి చిటికెనవేలు విడింది, దాని పక్కది విడింది, ఆ తరవాత మిగతావీ ఒక్కొక్కటిగా చల్లటి నీళ్ళలో చాపుకున్నాయి. అప్పుడు నమ్మింది.